కోత పండుగ నాటి కందులు

కోత పండుగ అంటే ఏమిటో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. ఎవరి పొలంలో పండింది వాళ్ళు తెచ్చి ప్రభువు ముందు పెడతారు. ఆరాధన అయ్యాక గుడి ముందు చెట్టు కింద వేలం పాడతారు. గుమ్మడికాయలు, కోళ్ళు, వడ్ల బస్తాలు, చెరుకు గడలు, ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళవి.

2009 నవంబరులో మా కోదాడలో జరిగిన పండుగకు నేను పది కిలోల కందులు తీసుకువెళ్ళాను. సూర్యాపేట పక్క పల్లెలో మా నాయిన వదిలిపోయిన ఎకరంన్నర చెలకలో పండినవి. ఫిబ్రవరిలో కొట్టి, తూర్పారబట్టి, సంచిలో పోసి అటక మీద పెట్టాం. మళ్ళీ విప్పి చూడలేదు. పండుగ నాడు పొద్దున అదే సంచిని సైకిలు మీద వేసుకుని వెళ్ళాను.

వేలం పాడే సంఘపెద్ద సంచి మూతి విప్పి పిడికెడు కందులు పైకి తీశారు. ప్రతి గింజకూ గుండ్రని కన్నం. ఆయన వేళ్ళ సందుల్లోంచి గోధుమరంగు పురుగులు చకచకా మణికట్టు మీదికి, అక్కడి నుంచి తెల్లచొక్కా చేతిలోకి పాకాయి. వెనక నుంచి ఎవరో, "గుమస్తాగారు కందులతో పాటు కోళ్ళకు మేత కూడా తెచ్చిండు" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వరా మరి? మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఇరవై రెండేళ్ళు గుమస్తాగా చేసి, ధాన్యం నాణ్యత చూసి ధర కట్టినవాణ్ణి. ఎవరూ పాడలేదు. చివరికి నా మొహం చూడలేక అయ్యగారే వంద రూపాయలకు పాడుకున్నారు. నవ్విన వాళ్ళను మరచిపోయాను గాని, ఆ వంద రూపాయలు మాత్రం చాలా కాలం గుచ్చుకున్నాయి.

ఆ సాయంత్రమే ఒక కొట్టుకు వెళ్ళి మాత్రలు కొనుక్కొచ్చాను. ఇంకెప్పుడూ మా ఇంట్లో పురుగన్నది కనిపించకూడదని పంతం పట్టాను. అవి ఏ మాత్రలో మిల్లులో పనిచేసినవాడికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అల్యూమినియం ఫాస్ఫైడు. మూడు గ్రాముల బిళ్ళ. గాలిలోని తేమ తగిలితే చాలు, అందులోంచి ఫాస్ఫిన్ అనే విషవాయువు ఒక గ్రాము దాకా బయటికి వస్తుంది. మిల్లు గోదాములో బస్తాల మీద మందపాటి పట్టాలు కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పేర్చి, తలుపులకు తాళం వేసి, రోజుల తరబడి ఆ చాయలకు ఎవరినీ పోనిచ్చేవారు కాదు. అదంతా నా కళ్ళతో చూసినవాణ్ణే. అయినా ఇంట్లో పెట్టేవి ఎన్ని, నాలుగు బిళ్ళలే కదా అనుకున్నాను. గుడ్డలో మూటగట్టి బియ్యం బస్తాల మధ్య రెండు, కందుల డబ్బా దగ్గర రెండు పెట్టాను. నాకెవరూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి నేను ఎవరికీ చెబితే కదా.

బస్తాలున్న గదిలోనే మా ఇంటావిడ, అమ్మాయి కొడుకు పడుకుంటారు. వాడికప్పుడు ఆరేళ్ళు. చలికాలం కాబట్టి కిటికీలు మూసి ఉన్నాయి.

రాత్రి ఒంటిగంట దాటాక మా ఇంటావిడ వచ్చి నన్ను లేపింది. "ఇదేం వాసనయ్యా, కుళ్ళిన చేపల లెక్క? నాకు తల తిరుగుతున్నది. పిలగాడు కక్కుతున్నడు. ఏం బెట్టినవ్ ఆ గదిలో?" అంది. వాణ్ణి ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాం. వాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు, తరువాత మెలికలు కూడా మానేశాడు. అది చూసే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. పక్కింటివాళ్ళ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఒక్క ప్రశ్న వేశారు, నేను తల వంచుకుని జవాబు చెప్పాను. దీనికి విరుగుడు మందు లేదనీ, ఆక్సిజన్ పెట్టి గుండె, ఊపిరితిత్తులు తట్టుకునే దాకా కనిపెట్టుకుని ఉండటమేననీ ఆయన చెప్పారు. మూడు రోజులు కనిపెట్టుకుని ఉన్నాం. ఆ వరండాలో నేను చేసిన ప్రార్థన ఇక్కడ రాయలేను. నాలుగో రోజు వాడు ఇడ్లీ అడిగాడు.

మా బావమరిది వ్యవసాయ శాఖలో పనిచేసేవాడు. పిల్లవాణ్ణి చూడటానికి వచ్చి, నన్ను తిట్టకుండా, "బావా, అసలు ఆ పురుగు నీ కందుల్లోకి ఎట్లొచ్చిందో ఎరుకేనా?" అని అడిగాడు. అటక మీద పట్టి ఉంటుందన్నాను. "కాదు. పొలంల నుంచి నువ్వే మోసుకొచ్చినవ్" అన్నాడు. మరుసటి వారం భూతద్దం తెచ్చి, మిగిలిన కందుల్లో నాలుగు గింజలు నా అరచేతిలో పోసి చూడమన్నాడు. ఒక్కొక్క గింజ మీద చిన్న ముగ్గు చుక్కల్లాగా తెల్లగా అతుక్కుని ఉన్నాయి. అవే గుడ్లు. కందికాయ చేను మీద ఎండుతుండగానే తల్లిపురుగు వచ్చి పెట్టిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు బయటి ప్రపంచం చూడదు. గుడ్డు కిందనే గింజకు కన్నం చేసుకుని లోపలికి దిగుతుంది. పప్పు తింటూ పెరిగి, లోపలే గూడు కట్టి, రెక్కలు వచ్చాక పొట్టును గుండ్రంగా కోసుకుని మూత తీసినట్టు బయటికి వస్తుంది. ఇదంతా సుమారు నెల. వచ్చిన పెద్ద పురుగు ఒక్క గింజ కూడా తినదు. ఉన్న పది పన్నెండు రోజుల్లో జత కూడి, పక్క గింజల మీద ఎనభై, వంద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా ఎన్ని తరాలో మీరే లెక్క వేసుకోండి. నా సంచిలోకి మొదట వచ్చినవి ఏ పదో పాతికో అయి ఉంటాయి.

ఇరవై రెండేళ్ళు పురుగుల మధ్య ఉద్యోగం చేసి, నాకు తెలిసిన మాట ఒక్కటే, 'పురుగు'. దేనికైనా అదే పేరు, అన్నిటికీ ఒకటే మందు. ఆ తరువాతే ఒక్కొక్కదాన్ని చూడటం మొదలుపెట్టాను. చూస్తుంటే మిల్లులో మేము చంపినవే నాలుగైదు రకాలని తేలింది.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. వరి వెంట మిర్యాలగూడకు మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట పురుగులు వచ్చాయి. బియ్యంలో కనిపించే ముక్కుపురుగును అందరూ ఎరుగుదురు. ఏనుగు తొండం లాంటి దాని ముక్కు చివర నోరు ఉంటుంది. ఆడది దానితో గింజకు చిన్న గుంట తవ్వి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురుతో మూత వేస్తుంది. మన ఆడవాళ్ళు ఎంత శ్రద్ధగా చెరిగినా ఆ గింజ చేతికి దొరకదు, బయటికి మంచి గింజలాగే ఉంటుంది. అందుకే నిన్న చెరిగిన బియ్యంలో పది రోజులకు మళ్ళీ పురుగు. మీ కోడలు సరిగ్గా చెరగలేదని నొచ్చుకునే అత్తగార్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గట్టి పొట్టు ఉన్న వడ్లలోకి ముక్కుపురుగు అంత సులువుగా పోలేదు. ఆ పనికి ఇంకొకటి ఉంది. తల కిందికి వంచుకుని దొంగలా ఉండే సన్నని నల్లటి పురుగు, వడ్లను తొలిచి పిండి చేస్తుంది. బస్తా లేపితే కింద నేల మీద పిండి రాలి ఉంటే అది దాని పనే. నూకలో, తవుడులో, పిండిలో తిరిగే ఎర్రటిది వేరు. దానికి మంచి గింజను కొరికే శక్తి లేదు, విరిగినదే తింటుంది. అది చేరిన పిండికి ఒక ఘాటు వాసన పడుతుంది. ఈ బీద పురుగే 2008లో శాస్త్రజ్ఞుల మన్ననకు నోచుకుంది. దాని జాతిలో అన్నిటికంటే ముందు దాని జన్యువుల పట్టీనే పూర్తిగా చదివారు.

ఇవన్నీ పెంకు పురుగులు. ముందు రెక్కలు రెండూ ఎగరడానికి పనికిరాకుండా గట్టిపడి, వీపు మీద డిప్పల్లా మూసుకుంటాయి. ఎగిరే రెక్కలు పలచగా, మడతలు పెట్టిన పట్టుచీరలా వాటి కింద దాగి ఉంటాయి. ఈ ఒక్క ఏర్పాటు వల్ల పెంకు పురుగు బెరడు కిందికి, మట్టిలోకి, పేడలోకి, నీళ్ళలోకి, గింజలోకి ఎక్కడికైనా దూరగలదు, రెక్కలు చినగవు. పైగా చాలా రకాల్లో పిల్లది ఒకటి తింటే పెద్దది ఇంకొకటి తింటుంది కాబట్టి తల్లీపిల్లల మధ్య తిండికి పోటీ తక్కువ. భూమి మీద ఇప్పటిదాకా పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. మనిషి గుర్తించిన జంతు జాతుల్లో నాలుగింట ఒక వంతు ఇవే. అర మిల్లీమీటరు కూడా లేనివి కొన్ని, అమెజాన్ అడవుల్లో జానెడుకు కొంచెం తక్కువగా ఉండేవి కొన్ని. రాత్రి పూట చెరువు గట్టున మెరిసే మిణుగురు కూడా పెంకు పురుగే. తొలకరికి ఎర్ర మఖమల్ లాగా నేల మీద పాకే ఆరుద్ర పురుగు మాత్రం కాదు. దాని కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. పెంకు పురుగుకు ఆరే.

ఇంగ్లండులో పుట్టి, 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్ అనే గొప్ప జీవశాస్త్రజ్ఞుడు ఉండేవారు. ఆయన దేవుణ్ణి నమ్మినవాడు కాదు. సృష్టిని చూస్తే సృష్టికర్త గురించి ఏం తెలుస్తుందని అడిగితే, ఆయనకు పెంకు పురుగులంటే విపరీతమైన మోజు ఉన్నట్టుంది అన్నారని చెబుతారు. ఎగతాళికే అని ఉండవచ్చు. నాకు మాత్రం ఎగతాళిగా అనిపించలేదు. ఒక్కొక్క జాతి దగ్గర అంత శ్రద్ధ పెట్టినవాడి పనిని నేను 'పురుగు' అని ఒక్క మాటతో చుట్టేశాను.

చిన్నప్పుడు ఇంత మూర్ఖుణ్ణి కాను. సూర్యాపేట చుట్టుపట్ల నా ఈడువాళ్ళు ఎవరైనా జీరంగిని మరచిపోయారంటే నమ్మను. కొందరు బంగారు పురుగు అంటారు. తొలి వానలు పడ్డాక తుమ్మచెట్ల మీద దిగేవి. బొటనవేలంత ఉండి, నెమలి కంఠంలా మెరిసేవి. పట్టి, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెట్టుకుని, బడిలో చొక్కా జేబు దగ్గర చెవి ఆనించి ఆ గోకుడు వినేవాళ్ళం. దారం కట్టి ఎగరేసేవాళ్ళం కూడా, అది మంచి పని కాదు. గుడ్డు పెడితే పెట్టె మూలన గింజలా ఉండేది, పిల్ల వస్తుందని రోజూ చూసి చూసి విసిగేవాళ్ళం. దాని పిల్ల మట్టిలో పెరిగి వేళ్ళు తింటుందని మాకేం తెలుసు. చచ్చిపోయాక పెంకులు దాచుకునేవాళ్ళం. మా అమ్మ పెట్టెలో రెండు పెంకులు ముప్పై ఏళ్ళ తరువాత దొరికాయి, ఏ మాత్రం వెలిసిపోలేదు. అది అద్దిన రంగు కాదట. పెంకులో పొరలు పొరలుగా ఉండి వెలుతురును విరిచి పంపడం వల్ల వచ్చే మెరుపట. 1888లో లండన్‌లో మాక్‌బెత్ నాటకానికి ఎలెన్ టెర్రీ అనే నటి వేసుకున్న గౌను మీద ఇలాంటి పెంకులు వెయ్యి దాకా కుట్టారు. ఆ గౌను ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ మెరుస్తోంది.

పొలంలో చేసిన తప్పులు ఇంటి తప్పు కంటే పాతవి. మా చెలక పక్కన కాస్త నీటి వసతి ఉన్న మడిలో వంకాయ వేసేవాళ్ళం. ఆకులు జల్లెడ అయిపోతుంటే అక్షింతల పురుగు అని మందు కొట్టాం. అది సరే. అయితే అలసంద తీగ మీద పేనుబంక పట్టినచోట కూడా ఎర్రటి అక్షింతల పురుగులు కనిపించేవి. వాటినీ అదే చేత్తో చంపాం. వంకాయ ఆకు తినేది మసక రంగులో, సన్నని నూగుతో, ఇరవై ఎనిమిది చుక్కలతో ఉంటుంది. మెరిసే పెంకులున్నవి చాలావరకు పేనుబంకను తినే మన మిత్రులు. వాటి పిల్లలు చిన్న మొసళ్ళలా వికారంగా ఉంటాయి, తల్లితో పాటు పిల్లలూ పేనుబంకను తింటాయి. ఆ మొసళ్ళను చూసే మా నాయిన ఎక్కువ భయపడ్డాడు. మందు కొట్టిన పది రోజులకు పేనుబంక రెట్టింపయ్యేది. ఆయన ఇంకొక డబ్బా కొనుక్కొచ్చేవాడు. ఆ డబ్బాల అప్పు ఆయన పోయాక నేను తీర్చాను.

వరిలో వచ్చే తాటాకు తెగులు కూడా ఒక ముళ్ళ పెంకు పురుగు పనే. పేరులో తెగులు ఉంది గాని తెగులు కాదు. ఆకు కొనల దగ్గర గుడ్లు పెడుతుంది కాబట్టి నారు కొనలు తుంచి నాటమని పెద్దలు చెప్పేది అందుకే. సూర్యాపేట నుంచి కోదాడ వచ్చే రోడ్డు పక్కన వయ్యారిభామ మొక్కలు విపరీతం. ఒక వానాకాలం వాటి ఆకులన్నీ ఈనెలు మిగిలి, మీగడ రంగు మీద గోధుమ చారలున్న పురుగులు గుంపులుగా కనిపించాయి. ఇవి రేపు మా కంది మీద పడతాయని హడలిపోయి బావమరిదికి ఫోను చేశాను. వాడు పగలబడి నవ్వాడు. ఆ కలుపును తినడానికే మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగుళూరులో వదిలిన పురుగట అది. ఎంత తిన్నా కలుపు మాత్రం ఇంకా తరగలేదు, పాపం.

పేడపురుగులను తలుచుకుంటే దిగులేస్తుంది. మా చిన్నతనంలో దొడ్లో పేడ పొద్దుగూకేలోగా పిండిలా అయిపోయేది. ఉండలు చేసి, వెనక కాళ్ళతో తలకిందులుగా నెట్టుకుపోయి, భూమిలో పూడ్చి, అందులో గుడ్డు పెడతాయి. చేనుకు ఎరువు, ఈగలకు దెబ్బ. ఆస్ట్రేలియాకు 1788లో తెల్లవాళ్ళు పశువులను తీసుకుపోయారు గాని వాటి పేడను ఎత్తే పురుగులు అక్కడ లేవు. ఉన్నవి కంగారూ పెంటికలకు అలవాటు పడినవి. పేడ కుప్పలు ఏళ్ళ తరబడి ఎండి మేతభూములను కప్పేస్తుంటే, 1968 నుంచి ఇతర ఖండాల పేడపురుగులను తెచ్చి వదలవలసి వచ్చింది. మా పల్లెలో ఇప్పుడు ఎడ్లు లేవు, ట్రాక్టర్లున్నాయి. మొన్న వానాకాలం వెదికితే రెండే ఉండలు కనబడ్డాయి.

ఇక మా ఇంట్లో కందుల సంగతి. మాత్రలు మళ్ళీ గడప తొక్కలేదు. అసలు వాటిని మామూలు మనుషులు ఇళ్ళలో వాడటానికి అనుమతి లేదు, నిపుణుల పర్యవేక్షణలో శిక్షణ పొందినవాళ్ళే వాడాలి. అయినా ఎక్కడైనా విడిగా అమ్ముతుంటే కొనకండి, కొనే పొరుగువారిని ఆపండి. మా ఇంటావిడ వాళ్ళమ్మ చేసినట్టే చేస్తుంది. కొట్టగానే కందులను మండే ఎండలో నల్ల తారుపాయ మీద పలచగా పోసి, గింజ కొరికితే టక్కుమనే దాకా రెండు మూడు రోజులు ఎండనిస్తుంది. పట్టిన గుడ్లు, లోపలి పిల్లలు ఆ వేడికే చస్తాయి. చల్లారాక కొంచెం ఆముదం చేతులకు రాసుకుని గింజలకు పట్టిస్తుంది. నూనె పొర ఉంటే గుడ్డు బతకదు. తరువాత మూత గట్టిగా పడే డబ్బాలో అంచుల దాకా నింపుతుంది. వేపాకు కూడా వేస్తుంది గాని, వేపాకు ఒక్కదాన్నే నమ్ముకుంటే నా సంచి లాగే అవుతుంది. తినడానికైతే తొందరగా పప్పు పట్టించుకోవడం మేలు, ఆ పురుగుకు నిండు గింజ కావాలి. నెలకొకసారి డబ్బా విప్పి చూడటం నా పని. ఇంకా అనుమానాలుంటే గడ్డిపల్లిలో, కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, అడిగితే చెబుతారు.

మనవడు ఇప్పుడు డిగ్రీ ముగించాడు. వాడికి ఆ రాత్రి గుర్తు లేదట. ఎండుచేపల కూర వండిన రోజు మాత్రం ఎందుకో తెలియదంటూ వాకిట్లో కూర్చుని తింటాడు. నేను, మా ఇంటావిడ ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

2023 కోత పండుగకు మళ్ళీ పది కిలోలు తీసుకువెళ్ళాను. అప్పటి సంఘపెద్ద ప్రభువు పిలుపు అందుకున్నారు, ఆయన కొడుకు వేలం పాడుతున్నాడు. సంచి మూతి విప్పి, పిడికెడు తీసి, ఎండకు పట్టి చూశాడు. "తాతా, ఒకటున్నది" అన్నాడు. నా గుండె గుభేలుమంది. దగ్గరికి పోయి చూస్తే ఎర్రగా మెరుస్తూ అక్షింతల పురుగు, పక్కనున్న అలసంద కట్టల మీది నుంచి వచ్చినట్టుంది. వేలు పెడితే ఎక్కింది. కొస దాకా నడిచి, పెంకులు తెరిచి, కింది రెక్కలు విప్పుకుని చెట్టు మీదికి ఎగిరిపోయింది. కందులు పద్దెనిమిది వందలకు పోయాయి.